నా పేరిట మాట్లాడే డబ్బా

డబ్బా నా పేరిట పలికిన మొదటి మాట, "నాకు చాలా సంతోషంగా ఉంది."

అబద్ధం. అప్పుడు నా నడుము కింద దుప్పటి ముడత గుచ్చుకుంటోంది. కాలు తిమ్మిరెక్కి ఉంది. ఎదురుగా తెల్లకోట్ల వాళ్ళు నిలబడి పళ్ళికిలిస్తున్నారు. వాళ్ళను అవతలికి పొమ్మనాలని ఉంది నాకు. డబ్బా మాత్రం సంతోషంగా ఉందంది. నా కొడుకు ఓబులేసు నా కాళ్ళ మీద పడి ఏడ్చాడు.

"విన్నావా నాగరత్నా? మా నాయన మాట్లాడినాడు!"

నా కోడలు నాగరత్న గోడకానుకుని నిలబడి ఉంది. "విన్నా," అంది. దగ్గరికి రాలేదు.

నేను ఎద్దుల దళారీని. పేరు కుళ్ళాయప్ప. సంతలో మా బేరం తువ్వాలు కింద, వేళ్ళతో. నోటితో పని తక్కువ. ఇంట్లో అదీ లేదు. ఎండాకాలంలో పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది, మాట పోయింది. గొంతు ఉంది. "గా, గా" అని వస్తుంది. అనుకున్నది లోపల అనుకున్నట్టే ఉంది, బయటికి దారి లేదు. మూడో తరగతితో బడి మానేసిన వాణ్ణి. వచ్చిన నాలుగక్షరాలూ కుడిచేతిలో ఉండేవి, చేతితోపాటే పోయాయి.

తల ఆడించవచ్చు కదా అంటారు. ఆడించాను. పెద్ద డాక్టరు దాన్ని కూడా కొట్టిపారేశాడు.

"ఈ జబ్బులో అవునూ కాదూ తారుమారవుతాయి ఓబులేసూ. మీ నాన్న తల అడ్డంగా ఊపితే కాదనే అనుకోవద్దు. అవునని కూడా కావచ్చు. తల ఊపడాన్ని లెక్కలోకి తీసుకోకండి."

కాదు, నాకు తారుమారు కాలేదు, అని అడ్డంగా ఊపాను.

"చూశారా," అన్నాడు డాక్టరు.

అదయ్యాకే ఈ డబ్బా వచ్చింది. బైపాసు రోడ్డు మీద ఒక పరిశోధనశాల ఉంది, అక్కడ తయారు చేశారు. తలకు నల్లటి వలలాంటి టోపీ తొడుగుతారు. దాని లోపల తడిపిన స్పాంజి బిళ్ళలు. మనిషి మాట్లాడబోయే ముందు మెదడులో ఒక అలికిడి పుడుతుందట. బిళ్ళలు దాన్ని పట్టి డబ్బాకు పంపుతాయి, డబ్బా దాన్ని మాటగా మార్చి పైకి చెబుతుంది. మొదట దానికి మనిషి మాటతీరు నేర్పాలి. ఆ పని చూడడానికి తబస్సుమ్ అని ఒక ఇంజినీరు పిల్ల మా ఇంటికి వచ్చింది.

"తాత మాట్లాడిన రికార్డింగులు ఏమన్నా ఉన్నాయా అన్నా?" అని ఓబులేసును అడిగింది.

"యాడివి మేడం. ఫోన్లో కూడా 'ఊఁ' అంటాడు, పెట్టేస్తాడు."

"ఇంట్లో ఎవరితోనూ మాట్లాడడా?"

"ఎద్దులతో మాట్లాడతాడు."

"అవీ తిట్లే," అంది నాగరత్న వంటింట్లోంచి.

నా మాటలు దొరకలేదు. ఎవరెవరో ముసలివాళ్ళ మాటలు దానికి పోశారు. చాలని చోట ఓబులేసు కూర్చుని చెప్పాడు. మా నాయన ఇట్లా అంటాడు, ఇట్లా అనుకుంటాడు, మా ఇంట్లో ఫలానాది జరిగింది, అని. వాడికి మోటార్ల వైండింగు షాపు ఉంది. అది మూసేసి వచ్చి మరీ చెప్పాడు. పక్క మంచంలో పడుకుని విన్నాను. వాడు చెప్పిన మనిషెవరో నాకు తెలియదు.

డబ్బా మా ఇంట్లో కాపురం పెట్టింది.

"కాఫీ బాగుంది తల్లీ," అనేది. కాఫీలో చక్కెర ఎక్కువై నాకు వాంతి వచ్చేట్టుంటే. "ఓబులేసూ, అలిసిపోయినావు, కూర్చోరా," అనేది. వాడు కూర్చునేవాడు. షాపులో ఏ మోటారు కాలిపోయింది, ఏ రైతు పోట్లాడాడు, అన్నీ చెప్పేవాడు. "అట్లనా నాయనా, నువ్వు మంచోడివి కాబట్టి ఓర్చుకున్నావు," అనేది డబ్బా. వాడి మొహం వెలిగిపోయేది. మాట్లాడేటప్పుడు వాడు నా వైపు చూడడం మానేశాడు. డబ్బా వైపు తిరిగి కూర్చునేవాడు.

ఒక్కసారి మాత్రం డబ్బా నా మాట అంది. మా వీధిలో ఉండే చుట్టం ఒకడు మంచం మీద కూర్చుని, వాడి మోకాళ్ళ నొప్పుల సంగతి ఎత్తుకుని దింపడం లేదు. డబ్బా, "పో," అంది. చుట్టం లేచి పోయాడు. ఓబులేసు బెదిరిపోయి తబస్సుమ్‌కు ఫోన్ చేశాడు. ఆ పిల్ల వచ్చి డబ్బా లోపల ఏదో చూసి, "పనికిరాని చప్పుడు పట్టేసిందన్నా, సరిచేస్తా," అంది. సరిచేసింది. మళ్ళీ ఎప్పుడూ అట్లా అనలేదు.

ఇంకోరోజు నాగరత్న నాకు సంగటి తినిపిస్తుంటే డబ్బా ఎత్తుకుంది. "అమ్మా నాగరత్నా, నీ కుట్టుమిషను ఆ రోజు బయట పారేసినాను. నన్ను క్షమించు తల్లీ."

ఆమె చెయ్యి ఆగిపోయింది.

నిజమే, పారేశాను. దాణా పెట్టుకునే గదిలో ఆమె జాకెట్లు కుట్టే మిషను పెట్టింది. వద్దన్నాను, వినలేదు. తీసుకెళ్ళి వాకిట్లో పెట్టాను. వాన వచ్చింది. క్షమించమని నేను అడగను. ఇప్పుడు పెట్టినా ఇప్పుడూ పారేస్తాను.

ఆమె డబ్బా వైపు చూడలేదు. వంగి నా మొహంలోకి చూసింది. "నువ్వేనా ఈ మాటంది?"

నేనూ ఆమెను చూశాను. సంగటి ముద్ద గిన్నెలో పడేసి లోపలికి పోయింది. ఆ సాయంత్రం మొగుణ్ణి అడిగింది, "మిషను సంగతి డబ్బాకు నువ్వే చెప్పినావు కదూ?"

"చెప్తే ఏమాయ? మా నాయన మనసులో ఉండబట్టే బయటికొచ్చింది."

"ఊఁ," అంది.

పరీక్షలకని నన్ను పరిశోధనశాలకు తీసుకెళ్ళారు. ఓబులేసు అక్కడ మంచి ప్రశ్నే అడిగాడు.

"ఇది సరిగ్గా చెప్తాందో లేదో మీకు ఎట్ల తెలుస్తాది మేడం?"

"అదే చిక్కు అన్నా," అంది తబస్సుమ్. "లెక్కల మిషనైతే రెండూ రెండూ నాలుగు వచ్చిందా అని చూసుకుంటాం. తాత మనసులో ఏముందో తాతకే తెలుసు. తాతను అడగాలంటే మళ్ళీ ఈ డబ్బానే అడగాల. సరిపోల్చుకోవడానికి సరైన జవాబు మా దగ్గర లేదు."

"మరెట్ల?"

"జవాబు తెలీకపోయినా జవాబులు ఒకదానికొకటి పొసగాల కదా. ఆకలైతాందా అంటే అవునన్న మనిషి, కడుపు నిండుగా ఉందా అంటే కాదనాల. ఆడమనిషి అడిగినా, మగమనిషి అడిగినా, మాట అటు తిప్పి ఇటు తిప్పి అడిగినా, చెప్పేది మారకూడదు. మారిందంటే తప్పు దొరికినట్టే."

అడిగేది కూడా మనిషి కాదు. ఇంకో డబ్బా. దానికి విసుగు లేదు, ఆపకుండా అడుగుతుంది. నన్ను మధ్యన కుర్చీలో కూర్చోబెట్టి టోపీ తొడిగారు. నా తల మీదుగా డబ్బాలు రెండూ మాట్లాడుకోవడం మొదలుపెట్టాయి.

"మీకు దాహంగా ఉందా?"

"లేదమ్మా, ఇప్పుడే తాగినాను."

"మీరు ఇప్పుడే నీళ్ళు తాగారా?"

"తాగినాను తల్లీ."

"నీళ్ళు తాగి చాలాసేపయిందా?"

"లేదమ్మా, ఇప్పుడే."

నా నాలుక అంగిట్లో అతుక్కుపోయి ఉంది. ఒక్క గుక్క ఇచ్చినవాడు లేడు. తెర నిండా పచ్చ గుర్తులు పడుతూ పోయాయి. ఎర్రది ఒక్కటీ పడలేదు. ఓబులేసు చప్పట్లు కొట్టాడు.

సంతలో ఎద్దును అమ్మేవాడు దాన్ని పల్లానికే నడిపించి చూపిస్తాడు. పల్లానికి బండి దానంతటదే పోతుంది. కాడి కింద ఎద్దు లాగుతోందో ఊరికే నడుస్తోందో తెలియదు. కొనేవాడు బండిని ఇసుకలోకి, ఎగువకు తిప్పించాలి. వీళ్ళ ప్రశ్నలన్నీ పల్లానికే.

అప్పుడు పెద్ద డాక్టరు వచ్చి అసలు సంగతి చెప్పాడు. టోపీ ఎల్లకాలం పనికిరాదట. తలకు చిల్లు పెట్టి తీగలు లోపలే అమర్చాలట. ఒకసారి పెడితే మళ్ళీ తీయరు. ఆపైన ఇంట్లో అయినా, ఆఫీసులో అయినా, డబ్బా అన్నదే నేనన్నట్టు. దానికి రోగి తన నోటితో ఒప్పుకోవాలి. అది రూలు.

"కుళ్ళాయప్ప గారూ, ఆపరేషన్‌కు ఒప్పుకుంటారా?"

"తప్పకుండా డాక్టరు గారూ. మీరు దేవుళ్ళు," అంది డబ్బా.

"మీకు ఇష్టం లేకపోతే ధైర్యంగా చెప్పండి."

"ఇష్టమే."

"ఆపరేషన్ వద్దనిపిస్తోందా?"

"లేదు డాక్టరు గారూ, వద్దని ఎందుకంటాను?"

దొంగ ఇంట్లోకొచ్చి కూర్చుని ఇల్లు నాదేనంటే, ఈ ఇల్లు ఎవరిదని దొంగనే అడిగినట్టుంది. నా తలలో చోటు కావాలని డబ్బాయే అడుగుతోంది, ఇస్తున్నానని డబ్బాయే చెబుతోంది. నేను తల అడ్డంగా ఊపాను. ఎవరూ చూడలేదు. ఎడంచెయ్యి ఎత్తి టోపీ పీకి నేలకేసి కొట్టాను. "గా, గా," అని అరిచాను.

"ఆందోళన. ఈ జబ్బులో మామూలే," అన్నాడు డాక్టరు.

మెత్తటి గుడ్డతో నా ఎడంచెయ్యి కుర్చీకి కట్టారు. కట్టింది నా కొడుకే. టోపీ దులిపి మళ్ళీ తొడిగారు.

"క్షమించండి," అంది డబ్బా. "కొంచెం కంగారు పడినాను."

ఆపరేషన్‌కు రోజు పెట్టారు. ఇంటికొచ్చాం.

టోపీ బిళ్ళలు తడి ఆరకూడదు. నాగరత్న దాన్ని రోజూ కడిగేది. మా వైపు తలగుడ్డ ఉతికితే బోర్లించిన కుండ మీద పెట్టి ఆరబెడతారు, ఆకారం చెడకుండా. టోపీని కూడా ఆమె అట్లాగే పెట్టేది, వంటింటి కిటికీ దగ్గర, నీళ్ళు చల్లిన మట్టికుండ మీద. డబ్బాను ఎప్పుడూ ఆపి పెట్టేది. ఒకరోజు పొద్దున కుండ పక్కనున్న డబ్బాను ఆపడం మరిచింది. నన్ను వాకిట్లో మంచం మీద కూర్చోబెట్టారు. తల బోడిగా, ఎండ తగులుతూ ఉంది.

ఓబులేసు ముందుగదిలో చొక్కా వేసుకుంటూ కేకేశాడు. నేను లోపలున్నాననుకున్నాడు.

"నాయనా, ఆపరేషనంటే భయమైతాందా?"

"భయమెందుకురా ఓబులేసూ? నువ్వుండావు కదా," అంది డబ్బా, కిటికీలోంచి.

"అదీ మా నాయనంటే!" అని వాడు పెరటి దారిన బండి తీసి షాపుకు పోయాడు.

నాగరత్న చేతిలో గరిటె ఉంది. కుండ వైపు చూసింది. వాకిట్లో నా వైపు చూసింది. మళ్ళీ కుండ వైపు.

"మామా," అంది కుండతో. "నన్ను ఎప్పుడన్నా పేరు పెట్టి పిలిచినావా?"

"ఎందుకు పిలవలేదు నాగరత్నా? నువ్వు నా కూతురు లాంటి దానివి."

"మామా, నువ్వు కుండవా?"

"బాగుండాను తల్లీ. నువ్వు తిన్నావా?"

నాగరత్న నవ్వింది. ఆమె నవ్వగా మా ఇంట్లో నేనెప్పుడూ వినలేదు. కొంగు నోట్లో కుక్కుకుని, కిటికీ చట్రం పట్టుకుని నవ్వింది. నవ్వు ఆగాక గరిటెతోనే వాకిట్లోకి వచ్చి నా ముందు నిలబడింది.

"నేను నోరు మూసుకుంటే చాలు," అంది. "నీ తలకు చిల్లు పెడతారు. ఆ డబ్బా నన్ను జీవితాంతం తల్లీ అంటాది. నీ కొడుకు నవ్వుతా తిరుగుతాడు. నువ్వు లోపలుండి మొత్తుకుంటాంటావు, నాకు తప్ప ఇంకెవరికీ తెలీదు. బాగుంది కదా బేరం? నువ్వైతే ఏం చేసుందువు మామా?"

ఆమె చోట నేనుంటే నోరు మూసుకునేవాణ్ణి. ఆ సంగతి ఆమెకూ తెలుసు.

నేను బతిమాలలేదు. చెయ్యి ఎత్తలేదు. తల ఊపలేదు. చూస్తూ కూర్చున్నాను.

"బతిమాలవు కదూ! తల పగలగొడతారన్నా నా ముందర వంగవు." గరిటె నా మొహం మీదికి ఆడించింది. "నా మిషను వానకు తుప్పు పట్టి పోయింది. దానికి నిన్ను నేను సచ్చేదాకా తిట్టాల. తిట్టాలంటే నువ్వుండాల కదా. ఆ డబ్బాను తిడితే ఏమొస్తాది? క్షమించమంటాది, ముండది."

లోపలికి పోయి తబస్సుమ్‌కు ఫోన్ చేసింది. "బిరీన రా మేడం. మా కుండకు మాటలొచ్చినాయి."

ఆ పిల్ల వచ్చింది. షాపునుంచి ఓబులేసును కూడా పిలిపించింది. ముందు నమ్మలేదు. టోపీ కుండ మీద ఉండగానే తన పరీక్ష డబ్బాను కలిపింది. దాహం సంగతి, ఆకలి సంగతి, ఆపరేషన్ సంగతి, అన్నీ వరసగా అడిగించింది. తెర మీద పచ్చ గుర్తులు పడుతూ పోయాయి. కుండకు దాహం లేదు. ఇప్పుడే తాగింది. ఆపరేషన్‌కు సంతోషంగా ఒప్పుకుంది.

తబస్సుమ్ పీట మీద కూలబడింది.

"ప్రశ్నను కూడా అది వింటుందన్నా. తలలోంచి సరిగ్గా అందనప్పుడు ప్రశ్నను బట్టి పూరించుకుంటుంది. కొంచెమే పూరిస్తుందనుకున్నాం. మొత్తం అదే పూరిస్తోంది."

"మీరు పరీక్ష పెట్టినారు కదా! అన్నీ పాసాయె కదా!"

"ఏం మారకూడదో అదే చూశాం. ఏం మారాల్నో చూడలేదు. మనిషి మారితే జవాబు మారాల. తల తీసేస్తే నోరు పడిపోవాల. ఆ ప్రశ్న నేను రాయలేదన్నా." ఆమె నా వైపు తిరిగింది. "తాతా..." అని ఆగిపోయింది. నేను మొహం తిప్పుకున్నాను.

ఓబులేసు కుండ మీది టోపీ లాగేశాడు. "కుండ తడిగా ఉండాది. కరెంటు ఏదో పట్టింటాది. మా నాయన తలకు పెట్టినప్పుడు ఇది వేరే. నీకు మొదట్నుంచీ ఆయనంటే పడదు," అని పెళ్ళాం మీదికి పోయాడు. "ఆయన మంచిగా మాట్లాడతాంటే ఓర్చుకోలేక పోయినావు!"

"పడదు," అంది నాగరత్న. "పడదు కాబట్టే ఆయనెట్లాంటోడో నాకు తెలుసు. నీకు తెలీదు. నీకెట్లాంటి నాయన కావాల్నో అట్లాంటోణ్ణి కూర్చుని ఆ డబ్బాకు చెప్పినావు. అది నీ మాటలే నీకు అప్పజెప్పింది. అసలోడు పక్కన మంచంలో ఉంటే చెయ్యి కట్టేసినావు."

వాడు చెయ్యెత్తాడు. ఆమె కదల్లేదు. "కొట్టు," అంది. తబస్సుమ్ మధ్యకు వచ్చింది. వాడు చెయ్యి దించి గోడను గుద్దాడు.

"అక్కా," అంది తబస్సుమ్ మెల్లగా, "తాత లోపల నిజంగానే మంచిగా అనుకుంటున్నాడేమో. మనకు తెలీదు కదా."

"నాకు తెలుసు."

"ఎట్లా?"

"ఇన్నేండ్లు ఆయప్ప తిట్లు తిన్నదాన్ని నేను. నువ్వు కాదు."

పెద్ద డాక్టరుకు ఫోన్‌లోనే చెప్పారు. ఆయన గొంతు వాకిట్లోకి వినబడింది. "టోపీని కుండ మీద పెట్టమని మీకెవరు చెప్పారు? పాడైతే ఎవరిది బాధ్యత?" అన్నాడు. అరిచినంతసేపు అరిచి, ఆపరేషన్ ఆపమన్నాడు. తబస్సుమ్ తీగలు చుట్టి డబ్బాను సంచిలో పెట్టింది. మూత వేయబోతుంటే అది, "వెళ్ళొస్తాను తల్లీ," అంది. ఆ పిల్ల ఉలిక్కిపడి మీట నొక్కింది. చప్పుడు ఆగింది.

ఆమె ఆటో మలుపు తిరిగేదాకా ఓబులేసు వీధిలోనే నిలబడ్డాడు. తర్వాత వచ్చి నా మంచం పట్టె మీద కూర్చున్నాడు. ఎన్నాళ్ళకో నా మొహంలోకి చూశాడు. కళ్ళ కింద నల్లబడి ఉంది వాడికి. వాడి చెవి పక్కన తెల్లవెంట్రుకలు వచ్చాయని నాకు అప్పుడే తెలిసింది.

"నాయనా. ఒక్కటి అడుగుతా."

చూశాను.

"అది అన్ని మాటలు చెప్పింది కదా. ఒక్కటన్నా నీదుండాదా అందులో? అలిసిపోయినావు కూర్చోరా అనేది. నువ్వు మంచోడివిరా అనేది. ఏదో ఒకటి. ఒక్కటే."

వాడు కల్పించుకున్నదే మళ్ళీ నా దగ్గర కొనుక్కోవాలని చూస్తున్నాడు. నేను లేనిదాన్ని ఉందని అమ్మను. తల అడ్డంగా ఊపాను. ఇటునుంచి అటు, అటునుంచి ఇటు, వాడికి బాగా కనబడేట్టు. లేదు. ఒక్కటీ లేదు.

వాడు కదలకుండా చూశాడు. నేను చెప్పింది వాడి తలకెక్కిందనుకున్నాను.

అప్పుడు వాడు నా మీదికి వంగాడు. "డాక్టరు చెప్పినాడు," అన్నాడు. "అడ్డంగా ఊపితే అవునని."

ఇంకా గట్టిగా ఊపాను. "గా," అన్నాను.

"చాలు నాయనా, చాలు. తెలిసింది నాకు." నా పడిపోయిన చెయ్యి తీసి వాడి తల మీద పెట్టుకుని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. నేను ఊపేకొద్దీ వాడు ఏడ్చాడు.

గడప మీద నాగరత్న నిలబడి ఉంది. ఆమెకు తెలుసు. ఒక్క మాట అంటే సరిపోయేది. నా వైపు చూసింది, వాడి వీపు వైపు చూసింది. ఏమీ అనకుండా సంగటి కలపడానికి లోపలికి పోయింది.

మెడ నొప్పి పుట్టింది. ఊపడం ఆపేశాను.